జీడిలో గుచ్చిన టోకెన్

సెప్టెంబర్ 13, 1999

నా బొమ్మల కథ ఇరవై రెండో భాగం అయిపోయింది. ముప్ఫై రెండు పేజీలు. ఎడిటర్ పాంగ్ ఇంటికే వచ్చి తీసుకున్నాడు. బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడే చదివేశాడు.

“మేడమ్, గేటు సీను ప్రాణం తీసింది. ఒక్కటే అనుమానం. మన హీరో రియుకి డ్రైవర్‌తో సహా కారుంది కదా. బస్సు టోకెన్ ఎక్కడిది?”

“కొన్నాడు.”

“ఎందుకు?”

“ప్రేమించాడు కాబట్టి.”

“అబ్బ!” అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళ మగాడు. ఈ అమ్మాయిల బొమ్మల పత్రికలో ఎవరు చేరినా ఆర్నెల్లకి ఇలాగే తయారవుతారు.

వచ్చే నెలది ఆఖరి భాగం. అందులో రియు పోవాలి, వాన కురవాలి, నారె ఏడవాలి. రెండేళ్ళుగా అందరూ ఎదురుచూస్తున్నది దానికోసమే. కోటీశ్వరుడి ఒక్కగానొక్క కొడుకు, పియానో, రక్తం జబ్బు. ఇవన్నీ పెట్టాక బతికిస్తే పాఠకులు ఊరుకోరు.

పరీక్ష రోజున సెంటర్ గేటుకి తల్లులందరూ జిగురుగా ఉండే తీపి జీళ్ళు అతికిస్తారు కదా, పిల్లలకి కాలేజీ సీటు అతుక్కోవాలని. ఆ గుంపులో రియు కూడా ఒక జీడి అతికించి, అందులో బస్సు టికెట్టుకి బదులు వేసే టోకెన్ బిళ్ళ గుచ్చుతాడు. నారె దాన్ని తీసుకుని, ఆ టోకెన్‌తో బస్సెక్కి, వాడున్న చోటికి రావాలి. ఇది నా ఊహ కాదు. ఆరో ఉత్తరంలోది. ఎవరికీ నష్టం లేదు. ఉత్తరాలు రాసిన చున్‌సిక్ బొగ్గు బిళ్ళల కొట్టువాడి కొడుకు. చెవులు పెద్దవి. రియు చెవులు నేను చాలా చిన్నగా గీస్తాను.

ఆరు ఉత్తరాలూ బొమ్మలకి నీడలు అతికించే టోన్ కాగితాల పెట్టెలో అట్టడుగున ఉన్నాయి. పదిహేనేళ్ళ కిందట, పరీక్ష ముందు, చెల్లి హ్వాసున్ పేరు మీద ప్రేమలేఖలు వస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? దాచమన్నది అమ్మ. దాచాను. అంతే.

సెప్టెంబర్ 16

ఈ నెలాఖరుతో బస్సు టోకెన్లు ఆపేస్తారట. ఇకనుంచి కార్డులేనట. పది కొన్నాను, దేనికో తెలీదు.

సెప్టెంబర్ 19

పాఠకుల కార్డులు వచ్చాయి. మొక్పో నుంచి ఒక పిల్ల రాసింది, రియుని చంపితే అన్నం మానేస్తుందట. ఎడిటర్ పాంగ్ లెక్కతేల్చి ఫోన్ చేశాడు.

“చంపమన్నవాళ్ళు ముప్ఫై, వద్దన్నవాళ్ళు నూట పది. అంటే చంపాల్సిందే మేడమ్.”

“అదేం లెక్క?”

“ఏడ్చేవాళ్ళు నూట పది మంది ఉన్నారు కదా!”

మణికట్టు నొప్పి. వేడినీళ్ళ కాపడం పెట్టాను.

సెప్టెంబర్ 24, చుసొక్ పండగ

హ్వాసున్ ఇంటికి వెళ్ళాను. మాకు అన్నదమ్ములు లేరని మరిది పోయిన తన పెద్దవాళ్ళతో పాటు మా అమ్మకీ ఒక గిన్నె అన్నం పెడతాడు, మూడేళ్ళ నుంచి. మంచివాడు. పెద్దగా మాట్లాడడు.

వంటింట్లో ఇద్దరం కూర్చుని నువ్వుల ఉండ్రాళ్ళు చేశాం. నావి చూసి హ్వాసున్ పడీపడీ నవ్వింది.

“ఉండ్రాళ్ళు అందంగా చేసినవాళ్ళకి మంచి మొగుడొస్తాడని అమ్మ ఊరికే అనలేదు. నీకెందుకు కాలేదో ఇప్పుడు తెలిసిందక్కా.”

“నీవి మాత్రం ఏం అందం? పగిలిపోయి నువ్వులు బయటకొస్తున్నాయి.”

“అందుకే మా ఆయన మాట్లాడడు.” మళ్ళీ నవ్వింది. “ఇంతకీ రియుని చంపుతావా? బ్యూటీ పార్లర్‌కి వచ్చేవాళ్ళు నన్ను పీక్కు తింటున్నారు. మీ అక్కే కదా రాసేది, అడుగు అని.”

“చెప్పకూడదు.”

“నాక్కూడానా?”

“నీకు అస్సలు చెప్పను.”

పిండి చేత్తోనే నా బుగ్గ గిల్లింది. ముప్ఫై మూడేళ్ళొచ్చినా అదే అలవాటు.

సెప్టెంబర్ 28

పత్రిక నిన్న బజార్లోకి వచ్చింది. వచ్చిన రోజే హ్వాసున్ ఫోన్ చేస్తుంది, ఎవరు ఏ పేజీలో ఏడ్చారో చెబుతుంది. చేయలేదు. పండగ తర్వాత పార్లర్లో రద్దీగా ఉండి ఉంటుంది.

సెప్టెంబర్ 30

రద్దీయే.

అక్టోబర్ 2

నేనే చేశాను.

“హ్వాసున్ పార్లర్.”

“నేనే.”

“కస్టమర్లున్నారు,” అని పెట్టేసింది. వెనకాల రేడియో తప్ప మనిషి గొంతు ఒక్కటీ వినపడలేదు.

అక్టోబర్ 5, మంగళవారం

పార్లర్‌కి సెలవు. హ్వాసున్ పదకొండింటికి మా ఇంటికి వచ్చింది. కోటు విప్పలేదు. బల్ల మీద నా పేజీల పక్కన పత్రిక పెట్టి ఇరవై ఒకటో పేజీ తెరిచింది.

“ఇది నీకెవరు చెప్పారు?”

“ఏది?”

“టోకెన్.”

“ఊహించాను. కథలల్లేదాన్ని కదా.”

“ఎడమ స్తంభం. మోకాలి ఎత్తు. అదీ ఊహేనా?”

మోకాలి ఎత్తని ఉత్తరంలో ఉంది, అలాగే గీసేశాను. తను దాన్ని చూసిందని నాకేం తెలుసు? పదిహేనేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

“పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర బూటు లేసు ఊడింది,” అంది. “కట్టుకుందామని వంగితే కనపడింది. అందరి జీళ్ళూ పైన ఉంటే ఇదొక్కటే కింద ఉంది. మధ్యలో టోకెన్. ఎవరో తల్లి కంగార్లో అతికించేసిందేమో అనుకున్నా. గోరుతో పీకి జేబులో వేసుకున్నా.”

“ఏం చేశావు దాన్ని?”

“సాయంత్రం ఇంటికి రావడానికి వాడా. ఇంకేం చేస్తారు టోకెన్‌ని? డబ్బాలో పడకుండా అంచుకి అంటుకుపోయింది. డ్రైవర్ కేకలేశాడు. ‘ఏమ్మా, టోకెన్ నోట్లో పెట్టుకుని చప్పరించావా?’ అని. బస్సంతా నవ్వింది. ఇంట్లో ఎవరికి చెప్పను? పరీక్ష చెడగొట్టుకుని వచ్చాను. ఇప్పుడు చెప్పు. ఎవరు అతికించారది?”

లేచి టోన్ పెట్టె తీసి, అడుగునున్న కట్ట తనకిచ్చాను. కవర్ మీద చేతిరాత చూడగానే కూర్చుండిపోయింది. తిరగేసి లెక్కపెట్టింది.

“ఆరు.”

“అమ్మ దాచమంది,” అన్నాను. “పరీక్ష పాడవుతుందని. వాడున్నాడని నిన్ను ఆ డబ్బు కట్టి చదువుకునే గదికి పంపడం మానేసింది కదా, అప్పట్నుంచి ఇంటికి రాశాడు.”

“ఆరేనా?”

“ఆరే.”

సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. టీ పెట్టాను, తాగలేదు. ఉన్న అరగంటలో ఒక్కసారైనా అక్కా అనలేదని తను వెళ్ళాక గుర్తొచ్చింది.

అక్టోబర్ 6

అమ్మ దాచమంది. నిన్న అదే చెప్పాను. అందులో అబద్ధం లేదు.

అక్టోబర్ 7

నాలుగు పేజీలు. రియు ఆసుపత్రి మంచం. దుప్పటి మడతలు బాగా వచ్చాయి.

అక్టోబర్ 9

హ్వాసున్ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

“ఆరో దాంట్లో, ఆఖరి స్టాప్‌లో ఉంటాను, నువ్వు రాకపోతే మళ్ళీ రాస్తాను అన్నాడు. రాశాడా?”

“లేదు.”

“రాయలేదా?”

“లేదంటే లేదు.”

“సరే అయితే. విసుగొచ్చి మానేశాడన్నమాట. నేను అప్పుడు అనుకున్నదే నిజం.”

పెట్టేసింది.

పరీక్షైపోయాక ఆ చలికాలమంతా కింద నుంచి వేడి వచ్చే నేల మీద గోడవైపు తిరిగి పడుకునేది. ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం అంది, “మగవాళ్ళకి తొందరగా విసుగొస్తుంది కదక్కా?” అని. నేను “ఊఁ” అన్నాను. రబ్బరుతో ఏదో తుడుస్తున్నట్టున్నాను అప్పుడు.

అక్టోబర్ 10

ఏడోది నాది. కవర్ మీద నా పేరుంది. కాబట్టి ఆరే అనడం తప్పు కాదు.

అక్టోబర్ 12

పొద్దున్నుంచి ఒక్క పేజీ కూడా కదల్లేదు. రియు చనిపోయే ముందు నారెకి ఒక చీటీ రాయాలి. మాటలు రాసేశాను. రాశాక చూసుకుంటే ఏడో ఉత్తరంలోని మాటలే అవి. నా చెయ్యి దానంతటదే రాసేసింది. కాగితం చింపి ఉండ చుట్టి పారేశాను.

ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాసుకుంటున్నాను. సిగ్గులేకపోతే సరి. వరసగా రాస్తాను.

అమ్మ దాచమన్నది పరీక్ష అయ్యేదాకానే. పరీక్ష మర్నాడు కూరలు తరుగుతూ తనే అడిగింది, “ఆ ఉత్తరాలు ఎక్కడ పెట్టావే? పాపం, ఇచ్చేద్దాం దానికి” అని. నేను కాల్చేశానన్నాను. అమ్మ కత్తి ఆపి నా వంక చూసింది. “అయ్యో, కాల్చమని నేనన్నానా?” అంది. ఆ తర్వాత హ్వాసున్ గోడవైపు తిరిగి పడుకున్నప్పుడల్లా అమ్మ వెళ్ళి దుప్పటి సర్దేది. పోయేదాకా తనే తప్పు చేశాననుకుంది. నేను అనుకోనిచ్చాను.

ఎందుకు కాల్చానన్నాను? ఇవ్వాలనిపించలేదు, అందుకు. నాకు ఇరవై ఒక్కేళ్ళు. ఒక పెద్ద ఆర్టిస్టు దగ్గర పెన్సిలు గీతలు తుడిచే పని. రోజంతా ప్రేమికుల జుట్టుకి మెరుపులు పెట్టేదాన్ని, నా వంక చూసినవాడు లేడు. ఆ ఉత్తరాలు ఎంత బాగున్నాయో! బొగ్గు మసి వేళ్ళ గుర్తులతో సహా బాగున్నాయి. ఒక్కో ఉత్తరం పదిసార్లు చదివేదాన్ని. నాకు రాసినట్టే చదివేదాన్ని.

డిసెంబర్‌లో ఏడోది వచ్చింది. కవర్ మీద తక్ మల్‌సున్ గారికి అని ఉంది. సందులో నిలబడి చింపాను. అప్పటిదాకా నాకు ఏ మగపిల్లాడూ ఉత్తరం రాయలేదు. ఆ తర్వాత కూడా రాయలేదు.

చూడకుండానే రాయగలను:

‘హ్వాసున్ వాళ్ళ అక్కగారికి. ఉత్తరాలు మీ చేతికి వస్తున్నాయని నాకు తెలుసు. ఇవ్వకపోయినా పర్లేదు. ఒక్క మాట మాత్రం చెప్పండి చాలు. ఆఖరి బస్సు వెళ్ళేదాకా ఉన్నాను, కోపం లేదు. నేను ఉల్సాన్‌కి పనికి వెళ్ళిపోతున్నాను. మీరు బొమ్మలు వేస్తారని హ్వాసున్ చెప్పింది. బాగా వేయండి. పే చున్‌సిక్.’

ఒక్క మాట చెప్పమన్నాడు. కాగితం కూడా ఇవ్వనక్కర్లేదన్నాడు. నేను ‘ఊఁ’ అన్నాను.

‘బాగా వేయండి’ అన్నది నాకు. మిగతాదంతా దానికి. ఆ రెండు ముక్కల కోసం మిగతాదంతా ఉంచేసుకున్నాను.

అక్టోబర్ 13

వెళ్ళలేదు. మణికట్టు నొప్పి.

అక్టోబర్ 14

వెళ్ళాను.

పార్లర్లో ఒక్కతే కస్టమర్, చేపల కొట్టు పెద్దావిడ, సగం తలకి రోలర్లు. హ్వాసున్ అద్దంలోంచి నన్ను చూసి “కూర్చో” అంది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే కవర్ ఇచ్చాను.

“ఇదేంటి?”

“ఏడోది. రాశాడు. నా పేరు మీద వచ్చింది.”

చేతులు తుడుచుకుని నిలబడే చదివింది. ఎంతసేపు చదివిందో! ఏడు వాక్యాలే అవి. తర్వాత మడిచి దువ్వెనలు పెట్టుకునే జేబులో పెట్టుకుంది.

“అమ్మకి తెలుసా?”

“తెలీదు. అమ్మ ఇచ్చేద్దామంది. నేనే కాల్చేశానని చెప్పాను. ఇదంతా నేను చేసిందే, హ్వాసున్. అమ్మది కాదు.”

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. వెనక్కి తిరిగి పెద్దావిడ జుట్టులో ఒక పాయ తీసి దువ్వింది.

“చెప్పు,” అంది.

“ఏం చెప్పను?”

“ఆయన చెప్పమన్నది.”

“చదివావు కదా.”

“చదవమని కాదు రాసింది. నిన్ను చెప్పమన్నాడు. చెప్పు.”

“ఇక్కడా?”

“ఇక్కడే.”

పెద్దావిడ అద్దంలో మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. మొదలుపెట్టాను.

“ఆఖరి బస్సు...”

“వినపడలేదు.”

“ఆఖరి బస్సు వెళ్ళేదాకా ఉన్నాడట. కోపం లేదట.”

హ్వాసున్ చెయ్యి ఆగలేదు. పాయని రోలర్‌కి చుట్టి బిగించింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని పట్టించుకోలేదు.

“ఎవరే అది, ఎవరికి కోపం లేదట?” అని పెద్దావిడ అడిగింది.

“నా మీద ఒకాయనకి లేదట, పెద్దమ్మా.”

“మంచిదేగా మరి. ఏడుస్తావేం?”

“మంచిదే,” అంది హ్వాసున్. తర్వాత నా వైపు తిరగకుండానే చెయ్యి చాపింది. “కాగితాలు అందించు.”

జుట్టు చివర్లకి చుట్టే పల్చటి కాగితాలు ఒక్కొక్కటీ అందించాను. మొత్తం తలకట్టు అయ్యేదాకా. నేను వెళ్తుంటే, “ఇది నీ పేరు మీద వచ్చింది కదా. తిరిగివ్వను” అంది.

“వద్దు,” అన్నాను.

నన్ను క్షమించిందో లేదో తెలీదు. అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

అక్టోబర్ 15

ఆసుపత్రి పేజీలన్నీ తీసేశాను. దుప్పటి మడతలు పోయాయి. ఎడిటర్ పాంగ్‌ని నాలుగు రోజులు గడువడిగాను. “చావు సీను కదా మేడమ్, తొందరపెట్టను” అన్నాడు.

అక్టోబర్ 18

ఇరవై నాలుగు పేజీలు అయ్యాయి. రియు చావడు. ఆఖరి స్టాప్‌లో కూర్చుంటాడు. వాడికి ఈసారి చెవులు పెద్దగా పెట్టాను. నారె ఆ టోకెన్ సంగతి తెలియక, దాంతోనే ఇంటికి వెళ్ళే బస్సెక్కేస్తుంది. టోకెన్ డబ్బాకి అంటుకుపోతుంది. డ్రైవర్ తిడతాడు. వాన లేదు.

ఇంకు ఆరకముందే తీసుకుని పార్లర్‌కి వెళ్ళాను. నచ్చకపోతే అక్కడే చింపేద్దామని అనుకున్నాను. హ్వాసున్ హీటర్ పక్కన కూర్చుని ఒక్కో పేజీ అంచులు పట్టుకుని చూసింది. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చూసింది.

“డ్రైవర్ ఇంత సన్నగా లేడు,” అంది చివరికి. “పొట్ట స్టీరింగ్‌కి తగిలేది.”

“మారుస్తాను.”

“చెవులు సరిగ్గా వచ్చాయి.”

“ఊఁ.”

“ఇది మాత్రం తప్పక్కా.” ఇరవయ్యో పేజీ నా ముందు పెట్టింది. బస్సు కిటికీ దగ్గర నారె ఏడుస్తోంది, నాలుగు బొమ్మల్లో. రెండేళ్ళుగా నేను గీసిన అన్ని కన్నీళ్ళలోకీ బాగా వచ్చినవి అవే. “ఆ బస్సులో నేను ఏడవలేదు. ఆకలేసింది. ఇంటికెళ్ళి అమ్మ చేసిన కిమ్చీ పులుసు రెండు గిన్నెలు తిన్నా. ఏడ్చింది ఆ తర్వాత. నీకు తెలుసు.”

తెలుసు.

అక్టోబర్ 19

డ్రైవర్‌కి పొట్ట పెట్టాను. నారె కన్నీళ్ళు తెల్ల రంగుతో చెరిపేశాను, నాలుగు బొమ్మల్లోనూ. ఆరాక చూస్తే కళ్ళ కింద కాగితం కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. అచ్చులో కనపడదు.

మధ్యాహ్నం పేజీలు పంపాను. నాలుగింటికి ఎడిటర్ పాంగ్ ఫోన్ చేశాడు.

“మేడమ్, రియు బతికే ఉన్నాడు!”

“ఉన్నాడు.”

“సరే, పోనీ. వాన లేదు, ఆసుపత్రి లేదు, అదీ సరే. కానీ బస్సులో ఆ అమ్మాయి ముఖం... ఏడవట్లేదు కదా. నూట పది మందికి నేనేం జవాబు చెప్పను? కిటికీలోంచి బయటకి అలా చూస్తోందేంటి మేడమ్? ఏమనుకుంటోంది?”

“ఆ పిల్లకి ఆకలేస్తోంది,” అన్నాను.